ఒంటెల వెనక నడక

డిసెంబరు, శుక్రవారం, పొద్దున ఎనిమిదిన్నర. కువైట్ సిటీకి నైరుతిగా, జహ్రా గవర్నరేట్‌లో ఉన్న కబ్ద్‌లో నిలబడి ఉన్నారు మీరు. ఎండ ఉంది, వేడి లేదు. ఎండాకాలం యాభై డిగ్రీలు చూసే నేల ఇదేనంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. గాలి స్వెట్టర్ అల్లికలోంచి దూరి ఎముకను పట్టుకుంటోంది. ఎడమవైపు వరసగా జాఖూర్లు, అంటే గొర్రెలకీ ఒంటెలకీ కట్టిన దొడ్లు. రేకుల కంచె, నీళ్ళ ట్యాంకు, పనివాళ్ళు పడుకునే క్యాబిన్, మళ్ళీ రేకుల కంచె. కుడివైపు చదునైన ఖాళీ నేల, దాని మధ్య ఎవరో చందాలు వేసుకుని పోసుకున్న ఇరవై రెండు గజాల సిమెంటు పట్టీ. గాలి వాలు మారితే పేడ వాసన, ఆ వెనకే కట్టెల పొగ. చలికాలంలో కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకునే రోజులివి.

పిచ్ మీద అరుపులన్నీ తెలుగులోనే. ఒక జట్టు రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు వాళ్ళు. రెండోది గోదావరి జిల్లాల వాళ్ళు, ఎక్కువమంది కువైటీల ఇళ్ళలో డ్రైవర్లు. టెన్నిస్ బంతికి ఎర్ర టేపు బిగించి చుట్టారు. ఫ్లాస్కుల్లో టీ ఉంది. టాసు కోసం పది ఫిల్సుల నాణెం ఎవరి దగ్గరుందా అని వెతుకుతున్నారు.

అదిగో, పికప్పు వెనకనుంచి దూకిన కుర్రాణ్ణి చూడండి. ఇరవై ఆరేళ్ళుంటాయి. రాయచోటి దగ్గర పల్లె. ఈ మైదానంలో అందరికంటే వేగంగా బంతి వేసేది ఇతనే. పని పందెపు ఒంటెల దొడ్లో. నాలుగింటికి లేచి ఒంటెలను బయటికి తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి కట్టి, దాణా పెట్టి, కింద ఊడ్చి ఇక్కడికొచ్చాడు. వారానికో రోజు సెలవివ్వాలని చట్టంలో ఉంది. ఒంటెకు శుక్రవారం తెలియదు. అందుకని ఇతనికి దొరికేది సెలవు కాదు, పొద్దుటి పనికీ సాయంత్రపు పనికీ మధ్య ఖాళీ.

"రెండు రౌండ్లు పరిగెత్తి రాబ్బీ, ఒళ్ళు వేడెక్కుతాది" అన్నాడు కెప్టెన్.

"వారమంతా బార్లీ మూటలు మోస్తానే ఉండా గదన్నా. ఇంకా వేడెక్కేదేముంది?"

కాయకష్టం చేసే ఒంటికి ఆట ఒక లెక్కా అన్నది మనవాళ్ళలో గట్టిగా పాతుకున్న నమ్మకం. మూటలు మోసే తొడ బలమైనదే, కాదనను. కానీ అది నెమ్మదిగా, నేల మీద కుదురుకుని చూపించే బలం. వేగంగా పరుగెత్తేటప్పుడు కాలు ముందుకు విసురుగా వెళుతుంది. మోకాలి కింది భాగం అదే ఊపున దూసుకుపోకుండా తొడ వెనక కండరాలు బిగబట్టి ఆపాలి. ఆపుతూనే సాగాలి. సాగుతూ లాగడమన్నమాట. పాదం నేలను తాకబోయే ముందు, రెప్పపాటులో సగం కూడా పట్టని పని అది. ఏడాది పొడుగునా మూటలు మోసినా ఆ పనికి సాధన దొరకదు.

రెండు బంతులు బాగా పడ్డాయి. మూడోదానికి పరుగందుకున్నాడు. క్రీజుకు నాలుగడుగుల దూరంలో కుడికాలు చాచాడు, అంతే. బంతి చేతిలోనే ఉండిపోయింది. రెండు అడుగులు కుంటి, వెనక్కి తిరిగి చూశాడు. తొడ మీద ఎవరో రాయి విసిరారనుకున్నాడట. వెనక ఎవరూ లేరు.

ఇప్పుడు చుట్టూ చేరినవాళ్ళ మధ్యలోకి మీరూ రండి. ఒకరు కాలు పట్టి సాగదీయబోతున్నారు. ఒకరు జేబులోంచి యాక్స్ ఆయిల్ సీసా తీశారు. ఊరికి పోయేటప్పుడు పెట్టెలో డజన్లకొద్దీ పట్టుకెళతారే, ఆ చిన్న సీసా. ఈలోపు వికెట్ల వెనకనుంచి రెండు జట్లకూ ఉన్న ఒక్క కీపరు గ్లౌజులు విసిరేసి పరుగెత్తుకొచ్చాడు.

"రుద్దకండ్రా బాబూ! సాగదీయకండి! వదలండెహె!"

పాలకొల్లు మనిషి. సిటీలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఇక్కడ పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ "ఫిజియో గారు". కుర్రాణ్ణి బోర్లా పడుకోబెట్టాడు. పిరుదు కింద కూర్చునే ఎముక దగ్గర్నుంచి మొదలుపెట్టి తొడ వెనక వేలితో నొక్కుకుంటూ వచ్చాడు. ఒకచోట కుర్రాడు పళ్ళు బిగించాడు. అక్కణ్ణుంచి నొప్పి ఎంత పొడుగున ఉందో వేళ్ళతో కొలిచాడు. మడమ మీద చెయ్యి ఉంచి "నా చేతిని నెట్టు" అన్నాడు. నెట్టగలిగాడు గానీ, ఎడమకాలితో పోలిస్తే సగం కూడా లేదు.

"తెగిందా సార్?"

"పూర్తిగా తెగితే ఇలా నెట్టలేవు, గుంట కూడా తగులుతుంది. పేనిన తాడులో కొన్ని పురులు తెగి మిగతావి పట్టుకుని ఉంటాయి చూడు, అలా ఉంది నీ సంగతి. తాడైతే తెగింది తెగినట్టే ఉంటుంది. ఇది మళ్ళీ అల్లుకుంటుంది. ఎలా అల్లుకుంటుందన్నది నీ చేతిలో ఉంది."

తొడ వెనక మూడు కండరాలున్నాయి, కలిపి హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. పరుగులో దెబ్బతినేది చాలాసార్లు బయటివైపున్న బైసెప్స్ ఫిమోరిస్. ఇతనిదీ అదే. డాక్టర్లూ ఫిజియోలూ జీపీఎస్ చొక్కాలూ ఉన్న యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులను కూడా ఇది వదల్లేదు. యూఈఎఫ్ఏ 2001 నుంచి రాస్తున్న లెక్కల్లో, మొదటి సీజన్లో మొత్తం గాయాల్లో హ్యామ్‌స్ట్రింగ్ వాటా 12 శాతం. 2021-22 నాటికి అది 24 శాతం అయింది. ఆట వేగం పెరిగింది, మ్యాచులు పెరిగాయి, కండరం మాత్రం పాతదే.

కుర్రాణ్ణి ఫ్లాస్కుల పక్కన కూర్చోబెట్టి ఆట మళ్ళీ మొదలెట్టారు. బ్యాటింగు వంతు వచ్చేసరికి కెప్టెన్ ప్రాణం ఉండబట్టలేదు. "హనుమ విహారి సిడ్నీలో తొడ పట్టేసినా ఆడలేదా? మనోడు రన్నర్‌ను పెట్టుకుని ఆడితే ఏమైతాది?"

ఆ పేరు రాగానే అందరి మొహాలూ ఇటు తిరిగాయి. కాకినాడలో పుట్టినవాడు, గోదావరి జట్టుకు సొంత మనిషి కింద లెక్క. 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు ఆఖరి రోజు. పరుగు తీయబోయి తొడ వెనక కండరం చిరిగాక కూడా విహారి నిలబడిపోయాడు, మొత్తం 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులు. అవతల నడుం నొప్పితో ఉన్న అశ్విన్ 128 బంతులు ఆడి 39. మ్యాచ్ డ్రా.

"ఆడాడు. ఏం చేశాడో చూశావా?" అన్నాడు ఫిజియో. "నిలబడి ఆపాడు. పరుగెత్తలేదు, పరుగెత్తలేడు కూడా. టెస్టు మ్యాచ్ కాపాడటానికి తెలిసి కట్టిన పందెం అది. తర్వాత బ్రిస్బేన్ టెస్టుకు లేడు. ఇంగ్లండ్ మన దేశం వచ్చి ఆడిన సిరీస్‌కూ లేడు. ఆ ఇన్నింగ్సు అందరికీ గుర్తుంది, ఆ తర్వాతి వారాలు ఎవడికీ గుర్తులేవు. నీ దగ్గర కాపాడాల్సిన టెస్టు మ్యాచ్ ఏవుంది? పది దీనార్ల పందెం."

నాకైతే ఆ ఇన్నింగ్సు ఎంత గొప్పదో, మన మైదానాల్లో అంత హాని కూడా చేసిందనిపిస్తుంది. నొప్పితో ఆడినవాడే మగాడు అన్న మాటకు సాక్ష్యం దొరికింది.

రాత్రి క్యాబిన్లోకి రండి, చెప్పులు బయట వదలండి. మూడు మంచాలు, ఒక హీటరు, మేకుకు వేలాడుతున్న జాకెట్లు. కుబ్బూస్ రొట్టె పప్పులో ముంచుకుని తింటున్నారు. కుర్రాడు కాలు చాచుకుని కూర్చున్నాడు. తొడకు ఎలాస్టిక్ పట్టీ. ఇంటికి ఐఎంఓ యాప్‌లో మాట్లాడాడు గానీ అమ్మకు చెప్పలేదు. అతని భయం కాలు గురించి కాదు. రేపు మూటలెవరు మోస్తారు, జీతంలో కోస్తారా, పనికిరానని ఊరికి పంపించేస్తారా? మన దగ్గర గాయాల గురించి రాసేవాళ్ళు ఆటగాడంటే క్లబ్బూ కోచ్‌లూ ఉన్నవాడినే ఊహించుకుంటారు. ఈ క్యాబిన్లో పడుకునేవాడు వారంలో ఆరున్నర రోజులు కూలీ, రెండు గంటలు మాత్రమే ఫాస్ట్ బౌలర్. గాయం ఆ రెండు గంటల్లో తగిలింది. మానాల్సింది ఆ ఆరున్నర రోజుల్లో.

గది పెద్ద, రాజంపేట అన్న, ఐసు సంచీ తెచ్చి పెట్టాడు. నొప్పికి కాసేపు ఐసు పెట్టుకోవచ్చు, తప్పులేదు. విశ్రాంతి, ఐసు, పట్టీ, కాలు ఎత్తి పెట్టడం అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, 2014లో తనే వెనక్కి తగ్గాడు. ఐసూ, పూర్తి విశ్రాంతీ మానుదలను ఆలస్యం చేయవచ్చని రాశాడు. కండరం చిరిగినచోట నెత్తురు చేరుతుంది, వాస్తుంది. చచ్చిన పీచును తినేసే కణాలు వస్తాయి. తర్వాత కండరపు పోగుల అంచున నిద్రపోతున్న శాటిలైట్ కణాలు లేచి కొత్త పోగులు కడతాయి. ఇదంతా జరుగుతుండగానే పక్కన మచ్చ కణజాలం కూడా అల్లుకుంటుంది. మొదటి రెండు మూడు రోజుల్లో గట్టిగా మర్దనా చేస్తే, సాగదీస్తే, ఆగిన నెత్తురు మళ్ళీ మొదలవుతుంది. అలాగని వారాలకు వారాలు మంచం మీదే ఉంటే, కొత్త పోగులు ఏ దిక్కున బలపడాలో వాటికి చెప్పే లాగుడు ఉండదు. రుద్దినా తప్పే, పూర్తిగా ఆపినా తప్పే.

అయితే పని ఎప్పుడు మొదలెట్టాలి? డెన్మార్క్‌లో దీన్ని తేల్చి చూశారు. తొడ, పిక్క కండరాలు గట్టిగా దెబ్బతిన్న 50 మంది ఔత్సాహిక ఆటగాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు రెండో రోజునుంచే కొలత ప్రకారం కండరానికి పని చెప్పింది, రెండోది తొమ్మిదో రోజునుంచి. 2017లో వచ్చిన ఫలితం: మొదటి గుంపు నొప్పి లేకుండా ఆటలోకి రావడానికి సుమారు 62 రోజులు పట్టింది, రెండో గుంపుకు 83. ఒక్క వారం ముందు మొదలెడితే మూడు వారాలు కలిసొచ్చాయి.

ఫిజియో చెప్పిందీ అదే. "ఆదివారం నుంచి నడు. కుంటకుండా ఎంత దూరం నడవగలిగితే అంతే."

సరే, ఒంటెలు పెట్టుకుని నడక ఎక్కడ? కుర్రాడు అడిగింది అదే. జవాబు ఫిజియో దగ్గర్నుంచి రాలేదు.

ఆదివారం, ఇంకా చీకటి. దొడ్డి తలుపు దగ్గర నిలబడండి. ఆ తాడు తొక్కకండి. ఒంటెలు ఒకటొకటిగా లేస్తున్నాయి, ముందు వెనక కాళ్ళు, తర్వాత ముందు కాళ్ళు. వీపుల మీద కంబళ్ళు, మూతులకు వల బుట్టలు. వీటికి శిక్షణ ఇచ్చే ముదమ్మిర్ సూడాన్ మనిషి, అరవై దాటినవాడు. కుర్రాడి నడక రెండు అడుగులు చూశాడు, మూడో అడుగుకు ఆపేశాడు. ఎక్కడ అని అడగలేదు. తొడ వెనక తన వేలు పెట్టి చూపించాడు. తర్వాత నవ్వుతూ, ఇనప కడ్డీ కాల్చి తేనా అన్నాడు అరబీలో. కుర్రాడికి అర్థమైంది. బెదూయిన్లు కుంటే ఒంటెకు వాత పెడతారు. ఇక్కడున్న వాటిలో పెద్ద ఒంటె తొడ మీద ఇప్పటికీ ఆ మచ్చలున్నాయి. రాయచోటి వైపు ఎద్దులకూ అదే చేసేవాళ్ళు. వైద్యం చేతగాని చోటల్లా మంట పెట్టడం ఒకటి కనిపెట్టారు మనుషులు.

ముసలాయన నిజంగా చేసింది వేరు. మూటల పని ఇంకొకరికి అప్పగించి, ఒక పడుచు ఒంటె తాడు కుర్రాడి చేతికిచ్చాడు. నెల కిందట దానికి వెనక కాలి తొడ పట్టేసింది. ఇప్పుడు దాన్ని పరుగుకు పంపట్లేదు. మిగతావి సాధనకు వెళితే ఇది మనిషి వెనక నడుస్తుంది. మొదటి వారం దొడ్డి చుట్టూ, తర్వాత కాస్త దూరం, తర్వాత కాస్త వేగం. పొద్దున లేవగానే దాని మొదటి పది అడుగులు ముసలాయన చూస్తాడు. కుంటితే ఆ రోజు దూరం పెంచడు. కుంటకపోతే కొంచెం పెంచుతాడు. యజమాని ఫోను చేసి పందెం దగ్గరపడిందని అరిచినా ఆయన లెక్క మారదు.

"నువ్వూ ఇదీ కలిసి నడవండి" అన్నాడు. అదీ చికిత్స.

మీరూ నడవండి వాళ్ళ వెనక. తెల్లారుతోంది. ఇసుక తడిగా, గట్టిగా ఉంది. ఒంటె ఒకవైపు రెండు కాళ్ళూ కలిపి వేస్తుంది, తర్వాత రెండోవైపు. అందుకే మీద కూర్చున్నవాడు అటూ ఇటూ ఊగుతాడు. తాడు పట్టినవాడు ఆ లయకు అడుగు కలపక తప్పదు. కుర్రాడి అడుగు చిన్నది, ఒంటెది పెద్దది, అది వీడికోసం ఆగుతోంది. దూరంగా ఒంటె పందేల క్లబ్బు ట్రాకు కంచె కనిపిస్తోంది. ఏడు గంటలకు ఫిజియోకు ఐఎంఓలో మెసేజీ వెళ్ళింది: "కుంటలేదు సార్. తిరిగొచ్చినాక పట్టినట్టుంది." జవాబు వచ్చింది: "పదికి నాలుగు కంటే ఎక్కువ నొప్పుంటే రేపు తగ్గించు. తక్కువైతే రేపు ఇంతే. ఎల్లుండి పెంచు."

నా అనుమానం, ఆ ముసలాయన, ఈ ఫిజియో ఒకరినొకరు చూసుకోకుండానే ఒకే పుస్తకం చదివారు. భారం అనేది విషమూ కాదు, మందూ కాదు. కొలతను బట్టి ఏదో ఒకటి అవుతుంది. పందెపు ఒంటె ఖరీదైనది కనక కబ్ద్‌లో దాని కొలత అందరికీ తెలుసు. దాని తాడు పట్టినవాడి కొలత ఎవరూ రాయలేదు.

రెండో వారంలో క్యాబిన్ నేల మీద కసరత్తులు మొదలయ్యాయి. ఇవి స్వీడన్‌లో కార్ల్ ఆస్క్‌లింగ్ రూపొందించినవి. కండరాన్ని పొట్టిగా ముడిచి కాదు, పొడుగ్గా సాగి ఉన్నప్పుడు పని చేయించడం వీటి కిటుకు. వెల్లకిలా పడుకుని తొడ పట్టుకుని మోకాలు చాచడం ఒకటి. ఒంటికాలి మీద నిలబడి, నడుం దగ్గర వంగుతూ రెండో కాలు వెనక్కి లేపడం ఒకటి. మూడోది జారుడు కసరత్తు: ఒక చేత్తో మంచం పట్టీ పట్టుకుని, దెబ్బతిన్న కాలి మీద బరువుంచి, రెండో పాదాన్ని వెనక్కి జార్చాలి. ఆసుపత్రిలో అయితే నున్నటి నేల, మేజోళ్ళు. ఇక్కడ టైలు మీద ఖాళీ దాణా సంచీ పరిచి పాదం దాని మీద పెట్టాడు. బాగానే జారింది. 75 మంది స్వీడన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో చేసి 2013లో ప్రకటించిన పరీక్షలో, ఈ పద్ధతిలో వాళ్ళు సగటున 28 రోజుల్లో ఆటకు తిరిగొచ్చారు. మామూలు కసరత్తులు చేసినవాళ్ళకు 51 రోజులు పట్టింది. వాళ్ళు పై స్థాయి జట్ల ఆటగాళ్ళు. కుర్రాడికి అంత తొందర పెట్టవద్దని ఫిజియో ముందే అనుకున్నాడు.

"సార్, కతార్‌లో ఆస్పెటార్ అని పెద్దాసుపత్రి ఉందంట గదా, ఆటోళ్ళకి? ఆడ రక్తం తీసి మళ్ళా ఎక్కిస్తే పది రోజుల్లో సరిపోతాదంట?"

దోహాలో ఆస్పెటార్ ఉన్న మాట నిజం, 2007 నుంచి ఉంది. గల్ఫ్‌లోనే. సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లను దగ్గరగా చేర్చి గాయంలోకి ఎక్కించడాన్ని వాళ్ళే స్వయంగా పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితం నిరాశే. సూదితో కసరత్తుకు మించిన లాభం స్పష్టంగా కనిపించలేదు. డచ్చివాళ్ళూ అంతకు ముందేడాది అదే తేల్చారు. పెద్దాసుపత్రిలో చివరికి చేయించేది కూడా కొలత ప్రకారం నడక, కసరత్తు, పరుగే. టైలు మెరుస్తాయి, అంతే తేడా.

నెల దాటింది. ఇప్పుడు చూడాల్సింది అసలు కసరత్తు. మడతపెట్టిన ఒంటె కంబళి మీద కుర్రాడు మోకాళ్ళ మీద నిలబడ్డాడు. వెనక రాజంపేట అన్న రెండు మడమలూ నొక్కి పట్టుకున్నాడు. కుర్రాడు మోకాళ్ళ నుంచి భుజాల దాకా నిటారుగా ఉంచి, నెమ్మదిగా ముందుకు వాలుతున్నాడు. తొడ వెనక కండరాలే బ్రేకులు. ముప్పై డిగ్రీలు, నలభై, ఇంక ఆపలేక చేతులు నేలకు ఆనించాడు. దీన్ని నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. పరికరం అక్కర్లేదు, కాళ్ళు పట్టుకునే మనిషి ఒకడు చాలు. కరెంటు లేని చోట కూడా చేయవచ్చు.

ఇంత చిన్నదాని వెనక ఉన్న లెక్క వినండి. డెన్మార్క్‌లోనే 50 ఫుట్‌బాల్ జట్లు, 942 మంది ఆటగాళ్ళు. సుమారు సగం జట్లు పది వారాల పాటు ఈ ఒక్క కసరత్తును పెంచుకుంటూ చేశాయి, ఆ తర్వాత వారానికోసారి. 2011లో వచ్చిన ఫలితం: కసరత్తు చేసినవాళ్ళలో 15 హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు, చేయనివాళ్ళలో 52. ఒకసారి గాయమైనవాళ్ళకు లాభం ఇంకా ఎక్కువ. 2019లో ఇలాంటి 15 పరిశోధనలను, ఎనిమిది వేల పైచిలుకు ఆటగాళ్ళను కలిపి చూసినా గాయాలు సగానికి తగ్గుతాయనే తేలింది. అయినా ప్రపంచంలో ఎక్కువ జట్లు దీన్ని చేయవు. కారణం మర్నాడు తెలుస్తుంది: మొదటిసారి చేసినవాడికి మెట్లు దిగడం కష్టం. అదీకాక, గాయం కాకపోవడాన్ని ఎవడూ చూడలేడు, స్కోరుబోర్డు మీద ఉండదు.

కుర్రాడికి కూడా విసుగొచ్చింది. "నొప్పి పోయినాది గదా సార్, ఇంకెందుకు?" నొప్పి ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న వారాల్లోనే చాలామందికి రెండోసారి చిరుగుతుంది. ఒకసారి చిరగడమే మళ్ళీ చిరగడానికి అన్నిటికంటే పెద్ద కారణం. ఫిజియో ఎమ్మారై తీయించలేదు, మానిందని తేల్చడానికి దాన్ని నమ్మలేదు కూడా. కొత్తగా అల్లుకున్న చోటు ఆటకు తిరిగొచ్చాక కూడా ఫోటోలో వేరుగానే కనిపిస్తూ ఉంటుంది. ఆయన చూసేవి వేరు: నొక్కితే నొప్పి ఉండకూడదు, కాలు చాచితే రెండు వైపులా సమంగా రావాలి, నెట్టే బలం ఎడమకాలికి దగ్గరగా ఉండాలి. పూర్తి వేగంతో పరుగెత్తి మర్నాడు పొద్దున కూడా మామూలుగా ఉండాలి. ముసలాయన చూసే పది అడుగులు గుర్తున్నాయి కదా.

ఒక పందెం రోజు. ట్రాకు పక్కన నిలబడండి, చెవులు మూసుకోండి. ఒంటెలు మెడలు చాచి దూసుకెళుతున్నాయి, వీపుల మీద మనుషులు లేరు. రంగు చొక్కా తొడిగిన చిన్న రోబోలు కొరడా తిప్పుతున్నాయి. ఒకప్పుడు అక్కడ పసిపిల్లలు ఉండేవాళ్ళు, మన ఉపఖండం నుంచీ సూడాన్ నుంచీ తెచ్చిన పిల్లలు. 2005లో ఖతార్, ఎమిరేట్స్ రోబోలకు మారాక గల్ఫ్‌లో ఆ పద్ధతి చాలావరకు తగ్గింది. పక్క రోడ్డు మీద యజమానుల ల్యాండ్ క్రూజర్లు హారన్లు కొడుతూ సమంగా పరుగెడుతున్నాయి. వాకీటాకీలో వాళ్ళు అరిచే అరుపు రోబో స్పీకరులోంచి ఒంటె చెవిలో పడుతోంది. దుమ్ము తగ్గాక చూస్తే, మన పడుచు ఒంటె కంచె బయటే ఉంది, కుర్రాడి చేతిలో తాడుతో. ఈ పందెంలో దాని పేరు లేదు. వచ్చే నెల దాకా ఉండదని ముసలాయన అన్నాడు. యజమాని మొహం చిట్లించాడు, మాట మాత్రం దాటలేదు.

ఆ వారమే కుర్రాడి పరుగు మొదలైంది, సాయంత్రాలు, గట్టిపడిన బాట మీద. ముందు సగం వేగం, స్తంభం నుంచి స్తంభం దాకా. తర్వాత ముప్పావు. ఒక రోజు పరుగు, ఒక రోజు నడక. ఫిజియో ఒక చిన్న నోటుబుక్కు పెట్టాడు. దూరం, వేగం, నొప్పి, నిద్ర. నిద్ర దగ్గర ఆయన పెన్ను ఆగింది: ఐదు గంటలు, ఐదు, నాలుగున్నర. అమెరికాలో 112 మంది బడి వయసు ఆటగాళ్ళను చూసి 2014లో రాసిన పరిశోధనలో, రాత్రికి ఎనిమిది గంటల కంటే తక్కువ పడుకునేవాళ్ళకు గాయాలు 1.7 రెట్లు ఎక్కువ. పిల్లల లెక్క పెద్దవాళ్ళకు అచ్చంగా సరిపోదు గానీ, దిక్కు అదే. నాలుగింటికి లేవాల్సినవాడికి పది గంటలకల్లా పడుకో అని చెప్పాడు. ఫోను చూడకు అని కూడా చెప్పాడు. రెండోది జరగలేదు. ఇంటి నుంచి ఫోను వచ్చేది అప్పుడే మరి.

ఫిబ్రవరి చివరి శుక్రవారం. పిచ్ దగ్గరికి తిరిగొచ్చాడు. ఆటకు ముందు రెండు జట్లనూ వరసలో నిలబెట్టాడు ఫిజియో. ఫిఫా 11 ప్లస్ అని ఒక వార్మప్ ఉంది: మెల్లగా పరుగు, ఒంటికాలి నిలకడ, గుంజీలు, గెంతులు, నార్డిక్, మళ్ళీ వేగంగా పరుగు, మొత్తం ఇరవై నిమిషాలు. ఫుట్‌బాల్ కోసం తయారైనా కాళ్ళున్న ఏ ఆటకైనా పనికొస్తుంది. సగంమంది నవ్వారు. ఒకడు టీ తాగి వస్తానని పోయి రానేలేదు. కెప్టెన్ మోకాళ్ళ మీద నిలబడి, మడమలు పట్టించుకుని, పది డిగ్రీలు కూడా వాలకముందే బోర్లా పడ్డాడు. గడ్డం నిండా ఇసుక. లేచి తుడుచుకుని, రెండోసారికి ఒప్పుకున్నాడు.

"రెండు ఓవర్లే" అన్నాడు ఫిజియో. "వచ్చే వారం మూడు."

మొదటి ఓవర్ ముప్పావు వేగం. రెండో ఓవర్‌లో నాలుగో బంతి మాత్రం కీపర్ గ్లౌజుల్లో చప్పుడు చేసింది. ఫిజియో చేతులు విదిలించుకుని ఏమీ అనలేదు. ఓవర్ అయ్యాక కెప్టెన్ బంతి మళ్ళీ అతని చేతిలోనే పెట్టబోయాడు. "ఇంకొక్కటి అబ్బీ, మ్యాచ్ చేతిలో ఉంది."

"రెండయిపోయినాయి గదన్నా" అని బంతి రాజంపేట అన్న వైపు విసిరాడు.

అప్పుడే ఫోను మోగింది. దొడ్డి నుంచి. గడ్డి లారీ వచ్చింది, దించాలి. ముసలాయన సిటీకి పోయాడు, వేరే మనుషులు లేరు. కుర్రాడు బూట్లు విప్పకుండానే పికప్పు వైపు నడిచాడు.

"ఎన్ని కట్టలుంటాయి?" వెనకనుంచి ఫిజియో కేకేశాడు.

"లారీ నిండా సార్. రెండొందలు, ఎక్కువే ఉండొచ్చు."

ఆపడానికి ఏం అధికారముంది ఆయనకు? మోకాళ్ళు వంచి ఎత్తు, యాభైకోసారి ఆగు, రేపు పరుగు వద్దు అని చెప్పాడు. పికప్పు కదిలింది. ఫిజియో గ్లౌజులు తీసి చంకలో పెట్టుకుని, నోటుబుక్కు తెరిచి, ఆ రోజు వరసలో "2 ఓవర్లు" అని రాసిన దాని పక్కన "200 కట్టలు" అని కూడా రాశాడు.